పీల్చే స్టెరాయిడ్, పిల్లల ఎత్తు: ఒక సెంటీమీటరు లెక్క

"పంపు పెడితే పిల్ల ఎత్తు పెరగదంట గద సార్?" కరీంనగర్, ఆదిలాబాద్ వైపు దమ్ము (ఆస్తమా) ఉన్న పిల్లల తల్లులు అడిగే ప్రశ్న ఇది. చలి ముదిరినప్పుడో, వరికోతల దుమ్ముకో ఆయాసం ఎక్కువై డాక్టరు ఇన్‌హేలర్ రాసిస్తే, నాలుగు రోజులు వాడి పక్కన పెట్టేయడానికి ఈ భయమూ ఒక కారణం. "ఏమీ కాదమ్మా" అని పంపించేయడం సులువే. కానీ ఆ జవాబు పూర్తి నిజం కాదు.

ఈ విషయంలో గట్టి ఆధారం ఉత్తర అమెరికాలో జరిగిన 'క్యాంప్' అధ్యయనం. అందులో 5 నుంచి 12 ఏళ్ల పిల్లలు 1,041 మంది. కొందరికి రోజుకు 400 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ అనే పీల్చే స్టెరాయిడ్, కొందరికి స్టెరాయిడ్ కాని మరో మందు, మిగతావారికి మందు లేని ఉత్తుత్తి ఇన్‌హేలర్ నాలుగేళ్లకు పైగా ఇచ్చారు. వాళ్లలో 943 మందిని పెద్దయ్యాక, సగటున 25 ఏళ్ల వయసులో మళ్లీ కొలిచి 2012లో ఫలితాలు ప్రకటించారు. బుడెసొనైడ్ వాడినవారు ఉత్తుత్తి ఇన్‌హేలర్ వాడినవారికన్నా సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారు. ఈ తేడా మొదటి రెండేళ్లలోనే వచ్చింది. ఆ తర్వాత అది పెరుగుతూ పోలేదు, పూడనూ లేదు. పలు అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి కోక్రేన్ సమీక్ష కూడా మొదటి ఏడాదిలో ఎదుగుదల సుమారు అర సెంటీమీటరు తగ్గుతుందని తేల్చింది. డెన్మార్క్‌లో 2000లో వెలువడిన అధ్యయనంలో మాత్రం బుడెసొనైడ్ వాడిన పిల్లలు తమకు రావలసిన ఎత్తును అందుకున్నారు. అయితే అక్కడ ఎవరికి ఏ మందో చీటీ తీసినట్టు పంచలేదు కాబట్టి నేను క్యాంప్ లెక్కనే ఎక్కువ నమ్ముతాను.

క్యాంప్‌లోనే తేలిన ఇంకో సంగతి మన పిల్లలకు ముఖ్యం. మొదటి రెండేళ్లలో కిలో బరువుకు పడిన మోతాదు ఎంత ఎక్కువైతే, పెద్దయ్యాక ఎత్తు అంత తగ్గింది. 400 మైక్రోగ్రాములంటే 30 కిలోల బిడ్డకు కిలోకు 13, 20 కిలోల బక్కపిల్లకు 20. ఆదిలాబాద్ పల్లెల్లో ఎనిమిదేళ్లకూ 20 కిలోలు దాటని పిల్లలుంటారు. వాళ్లకు అవసరానికి మించిన మోతాదు రాయకూడదన్నది ఈ లెక్క నుంచి నేను తీసుకునే అర్థం. మన పిల్లల మీదే చేసిన కొలత కాదు గనుక దీన్ని తీర్పు అనను.

పంపు మానేస్తే ఏమవుతుందో కూడా చూడాలి. క్యాంప్‌లో బుడెసొనైడ్ వాడినవారు ఆస్పత్రిలో చేరడం ఉత్తుత్తి ఇన్‌హేలర్ వాడినవారికన్నా 43 శాతం తక్కువ. దమ్ము అదుపు తప్పితే తాగించేది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడే. 20 కిలోల పిల్లకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఐదు రోజులకు 100 మిల్లీగ్రాములు. రోజుకు 200 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ ఏడాదంతా పీల్చినా మొత్తం 73 మిల్లీగ్రాములే. రెండు మందుల బలం, దారి వేరు గనుక వీటిని సరిసమానంగా తూచలేం. అయినా ఆర్‌ఎంపీ దగ్గర మాటిమాటికీ స్టెరాయిడ్ సూది వేయించుకోవడం పంపుకన్నా క్షేమమన్న నమ్మకానికి ఆధారం లేదు. అదుపులో లేని ఆస్తమా కూడా ఎదుగుదలను, యుక్తవయసును ఆలస్యం చేస్తుంది. భారత్‌లో తొమ్మిది కేంద్రాల్లో జరిగిన గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ సర్వేలో పిల్లికూతలున్నవారిలో రోజూ స్టెరాయిడ్ పీల్చేవారు 2.5 శాతం కూడా లేరు. మన దగ్గర ఎక్కువ మందికి జరుగుతున్న నష్టం మందు అందకపోవడమే.

ఎత్తు కొలవడంలోనూ జాగ్రత్త కావాలి. పొద్దున కొలిచిన ఎత్తుకు, సాయంత్రం కొలిచినదానికి సెంటీమీటరు దాకా తేడా రావచ్చు. మనం వెతుకుతున్న తేడా కూడా అంతే. అందుకే ఆరు నెలలకోసారి, ఒకే వేళ, చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి కొలిచి రాసిపెట్టండి. ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు కూడా పెరగకపోతే ఆ కాగితం డాక్టరుకు చూపించండి. పంపుకు స్పేసర్ గొట్టం తగిలించి పీల్చించండి, తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మించండి. దమ్ము మూడు నెలలు అదుపులో ఉంటే "మోతాదు తగ్గించొచ్చా సార్?" అని మీరే అడగండి. మీ అంతట మీరు మాత్రం పంపు ఆపకండి.