ఆ మాటకు మూలం ఏదీ?

2005 మే నెలలో ఎవరో పేరు చెప్పని వ్యక్తి ఇంగ్లీషు వికీపీడియాలో పాత్రికేయుడు జాన్ సీగెన్‌థాలర్ మీద ఒక వ్యాసం పెట్టాడు. కెనెడీ సోదరుల హత్యల్లో ఈయన చెయ్యి ఉందని కొన్నాళ్లు అనుమానించారట! పచ్చి అబద్ధం. రాబర్ట్ కెనెడీ దగ్గర పనిచేసి, ఆయన శవపేటికకు భుజం పట్టిన మనిషి మీద వేసిన నింద అది. నాలుగు నెలలు ఎవరూ పట్టించుకోలేదు. నవంబరు 29న సీగెన్‌థాలరే యూఎస్ఏ టుడేలో రాశాక గగ్గోలు పుట్టింది. డిసెంబరులో, ఖాతా లేనివాళ్లు అక్కడ కొత్త వ్యాసాలు మొదలుపెట్టకుండా ఆపేశారు.

ఖాతా ఉంటే మాత్రం? 2006లో న్యూయార్కర్ పత్రిక ఒక వికీ నిర్వాహకుణ్ణి మతశాస్త్ర ఆచార్యుడని పరిచయం చేసింది. మరుసటి ఏడు గుట్టు బయటపడింది: వయసు 24, డాక్టరేటు లేదు. అలా చెప్పుకునేవాళ్ల అర్హతలు తనిఖీ చేద్దామని వికీపీడియా స్థాపకుల్లో ఒకరైన జిమ్మీ వేల్స్ ప్రతిపాదించాడు. సభ్యులు ఒప్పుకోలేదు. వాళ్లు చేసిందే సరైన పని అని నా నమ్మకం. నిజమైన ఆచార్యుడు రాసినా మూలం చూపించాల్సిందే. చూపించాక రాసింది ఎవరైతేనేం?

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఊళ్ల వ్యాసాలు పెరిగేకొద్దీ తగువులూ వచ్చాయి. ఒక ఊరి చర్చ పేజీ నాకు బాగా గుర్తు. జనాభా అంకెను ఒకాయన మారుస్తాడు, ఇంకొకాయన వెనక్కి తిప్పుతాడు. "మా ఊరి సంగతి నాకు తెలియదా?" అని ఈయన. "కావాలనే తప్పు అంకె వేస్తున్నారు, మీ ఉద్దేశం వేరే ఉంది" అని ఆయన. ఒకరి ముఖం ఒకరు ఎరగరు. అందులో ఒకరికి పేరు కూడా లేదు, ఉన్నవి ఐపీ అంకెలే. చివరికి మూడో సభ్యుడొకరు వచ్చి, "అయ్యా, మీ అంకె ఏ సంవత్సరం లెక్క?" అని ఇద్దరినీ అడిగారు. ఒకటి 2001 జనగణన, రెండోది 2011 జనగణన. ఇద్దరూ నిజమే రాశారు. రెండు అంకెలూ సంవత్సరాలతో సహా వ్యాసంలో చేరాయి.

తగువు తీర్చడానికి చరిత్ర ట్యాబు ఒకటుంది. ఏ మార్పు ఎప్పుడు, ఏ ఖాతా నుంచి జరిగిందో నిమిషాలతో సహా అందులో కనిపిస్తుంది. అయితే మనిషి మనసులో ఏముందో ఆ పట్టిక చెప్పదు. అందుకే ఎదుటివారిది మంచి ఉద్దేశమే అనుకుని మొదలుపెట్టాలన్న నియమం వికీలో ఏనాడో పెట్టుకున్నారు. దాన్ని మర్యాద కోసం పెట్టిన నియమమని చాలామంది అనుకుంటారు. నేనలా అనుకోను. "నువ్వు అబద్ధాలకోరువి" అన్నాక అవతలివాడు తనను కాపాడుకోవడంలో పడతాడు, అంకె సంగతి మూలకు పోతుంది. "ఎక్కడ చూశారు?" అని అడిగితే పుస్తకం తెరుస్తాడు. అబద్ధం రాసినవాడైతే తెరవడానికి పుస్తకం ఉండదు, ఆ వాక్యం తీసేయవచ్చు.

మీ ఊరి పేజీ ఈ వారం ఒకసారి తెరిచి చూడండి. తప్పు కనిపిస్తే దిద్దండి, ఏ పుస్తకంలో ఏ పేజీలో చూశారో పక్కనే రాయండి.