దశమినాటి ఉపవాసం

పెరటాసి నెల వచ్చిందంటే మా చిత్తూరు సీమ ఇళ్ళలో శనివారాల లెక్క మొదలవుతుంది. నెల పేరు అరవలది, నోము మాత్రం మాది కూడా. సరిహద్దున పుట్టినవాళ్ళకు అది వింతగా తోచదు. ఆ శనివారాల్లో తలంట్లు, ఒంటిపూట భోజనాలు. పిల్లలు నామం పెట్టిన చెంబు పట్టుకొని, గోవిందా అంటూ నాలుగిళ్ళు తిరిగి బియ్యం తెచ్చేవారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే కొండమీద బ్రహ్మోత్సవాలు. శరదృతువంటే నా మనసులో చాలాకాలం ఇంతే ఉండేది.

2024లో మాత్రం పంచాంగం ముందు పెట్టుకొని మరొక లెక్క కూడా చూశాను. ఆ ఏడు మహాలయ అమావాస్య అక్టోబర్ 2న వచ్చింది. ఆ సాయంత్రం సూర్యాస్తమయంతో యూదుల 5785వ సంవత్సరం మొదలైంది. అక్టోబర్ 12న విజయదశమి. తిరుమల స్వామిపుష్కరిణిలో చక్రస్నానం జరిగిన రోజు. యూదులు అన్నపానాలు మాని క్షమాపణ వేడుకొనే యోమ్ కిప్పూర్ కూడా సరిగ్గా ఆనాడే. 2025లోనూ అంతే: విజయదశమి, చక్రస్నానం, యోమ్ కిప్పూర్ మూడూ అక్టోబర్ 2ననే కలిశాయి.

ఇందులో మాయ ఏమీ లేదు. వారి నెలలూ మనవాటివలెనే చంద్రుణ్ణి పట్టుకొని నడుస్తాయి. ఏళ్ళు సూర్యుణ్ణి విడిచిపోకుండా పందొమ్మిదేళ్ళకు ఏడు అధికమాసాలు చేర్చుకుంటారు. మన లెక్కలోనూ ఇంచుమించు అంతే. అయితే మనకు సంక్రమణం లేని చాంద్రమాసం ఏదైతే అదే అధికమాసం. వారికి అది ఎప్పుడూ వసంతానికి ముందు, అదార్ నెల దగ్గరే వస్తుంది. అందుచేత కొన్నేళ్ళు రెండు పంచాంగాలూ నెల ఎడంగా నడుస్తాయి. 2023లో మనకు అధిక శ్రావణం వచ్చింది, వారి కొత్త సంవత్సరం భాద్రపద ఆరంభంలోనే వచ్చేసింది. అధికమాసం వచ్చిన ఏడు తిరుమలలో బ్రహ్మోత్సవాలు రెండుసార్లు జరుగుతాయి కనుక, ఆ ఏడు కూడా యోమ్ కిప్పూర్ మొదటి ఉత్సవాల నడుమనే పడింది.

వారి తిష్రీ నెలను మన తిథులతో చెప్పుకొంటే సులభంగా గుర్తుంటుంది. పాడ్యమి నాడు రోష్ హషానా, అంటే సంవత్సరాది. ఆనాడు పొట్టేలు కొమ్ముతో చేసిన షోఫార్ ఊదుతారు. దశమి నాడు యోమ్ కిప్పూర్. పౌర్ణమి నాడు సుక్కోత్ మొదలై ఏడు రోజులు సాగుతుంది. వారం తిరిగాక, ధర్మశాస్త్రపు చుట్టలను ఎత్తుకొని ఆడిపాడే సిమ్హత్ తోరా. వారి నియమాల వల్ల సంవత్సరాది ఆది, బుధ, శుక్రవారాల్లో రాకూడదు. కనుక అప్పుడప్పుడూ ఒకటి రెండు రోజుల తేడా వస్తుంది.

తిరుపతిలో కూర్చున్నవాడికి ఈ లెక్కతో ఏం పని అని మీరడగవచ్చు. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కనున్న కొత్తరెడ్డిపాలెం అనే ఊరే నాచేత ఈ లెక్క వేయించింది.

చేబ్రోలు పేరు చరిత్ర ప్రియులకు కొత్త కాదు. కాకతి గణపతిదేవుని గజసేనాని, నృత్తరత్నావళి కర్త అయిన జాయపసేనాని ఏలిన చోటు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చతుర్ముఖ బ్రహ్మకు గుడి కట్టించిన ఊరు. దాని పక్క పల్లెలో, మాదిగవాడలో, 1991 నుంచి ఒక యూదు సమాజమందిరం ఉంది. అక్కడివారు తమను బెనె ఎఫ్రాయిమ్, అనగా ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకొంటారు. సాదోక్ యాకోబి ఆ మందిరానికి పెద్ద. ఆయన అన్న ష్మూయెల్ యాకోబి మొదట క్రైస్తవ బోధకుడు. 1980లలో యెరూషలేము చూసివచ్చాక యూదు మార్గానికి మళ్ళినవాడు. తెలుగుకూ హీబ్రూకూ, మన ఆచారాలకూ బైబిలుకూ లంకెలు వేస్తూ 2002లో ఆయన ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు.

వారి కథనం ఇది. క్రీస్తుకు పూర్వం 722లో అస్సీరియనులు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని కూల్చి ప్రజలను చెదరగొట్టారు. అలా చెదిరినవారిలో ఎఫ్రాయిము గోత్రీకులు కొందరు పారసీకం, ఆఫ్గన్ ప్రాంతాల మీదుగా ఉత్తర భారతానికీ, అటుపైన తెలుగునేలకూ చేరారు. కాలక్రమాన ఈ సమాజం వారిని అంటరానివారిని చేసింది. మృతులను పూడ్చిపెట్టడం, గొడ్డుమాంసం తినడం వంటి మాదిగ ఆచారాల్లో వారికి ఆ పాత ఇశ్రాయేలు జాడలు కనిపిస్తాయి. ఏ ఆచారాలను చూపి ఊరు వారిని వెలివేసిందో, ఆ ఆచారాలే ఇక్కడ వంశగౌరవానికి సాక్ష్యాలయ్యాయి.

దీనికి శాసనాధారం లేదు, రాతప్రతి లేదు. చరిత్ర విద్యార్థిగా నేను ఆ మాట దాచలేను. రాతలో దొరికే చరిత్ర ఇంకొకటి ఉంది. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంతభాగం గుత్తకు తీసుకొని వేలమందికి కూలి చూపించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి వద్ద ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. కోస్తా పల్లెల్లో మూడు నాలుగు తరాలు తెలుగు బైబిలు చదువుకొంటూ పెరిగాయి. లేవీయకాండంలో ఈ పండుగలన్నిటికీ చక్కని తెలుగు పేర్లున్నాయి: శృంగధ్వని, ప్రాయశ్చిత్తార్థ దినము, పర్ణశాలల పండుగ. జరుపుకొనేవాళ్ళు లేకముందే మన భాషలో ఆ పండుగలకు పేర్లుండినాయి. ఎవరో ఒకనాడు, ఇవి చదివి ఊరుకోవలసినవా, చేయవలసినవా అని అడగక మానరు గదా.

అడిగిన కాలం కూడా గమనించదగినది. 1985లో కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. సమాజమందిరం వెలసిన 1991లోనే, ఆగస్టు 6న, అదే గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. మేమెవరం అన్న ప్రశ్న ఆ పదేళ్ళలో ఎన్నో గొంతుల నుంచి వినవచ్చింది. యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు ఈ సమాజాన్ని దగ్గరగా చూసి 2013లో ఒక పుస్తకం వెలువరించారు. వీరి యూదుత్వాన్ని కులం నుంచి విడదీసి అర్థం చేసుకోలేమన్నది అందులో ముఖ్యమైన మాట.

లాభం కోసం వేసుకొన్న వేషమని తేలికగా అనేవాళ్ళున్నారు. లాభం ఎంతో చూద్దాం. ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఒకరి నుంచి ఈశాన్య భారతపు బెనె మెనాషెకు 2005లో దక్కిన గుర్తింపు వంటిది వీరికి దక్కలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే షెడ్యూల్డు కుల హోదా. యూదుడనని కాగితం మీద రాసుకొంటే ఉన్న హక్కుకే ఎసరు. పైగా వీరిలో ఎక్కువమంది సొంత భూమి లేని వ్యవసాయ కూలీలు. శనివారం సబ్బాతు పాటించడమంటే ఆనాటి కూలి వదులుకోవడం. మా పెరటాసి శనివారాల్లో మేము వదులుకొన్నది ఒకపూట అన్నం. అదీ ఇంట్లో ఉండగా వదులుకొన్నది.

ఈ దేశంలో ఈ పండుగలకు పాత కాపులు వేరే ఉన్నారు. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ వారు గానుగ ఆడేవారు. శనివారం గానుగ కట్టరు కనుక ఊళ్ళో వారిని శనివారపు తెలికలవాళ్ళు అనేవారు. వారు సంవత్సరాదిని మరాఠీలో కొత్తల పండుగ అనీ, యోమ్ కిప్పూర్‌ను తలుపులు మూసే పండుగ అనీ, సుక్కోత్‌ను ఖీరు పండుగ అనీ పిలుచుకొన్నారు. కొచ్చిన్ యూదులు సిమ్హత్ తోరా నాడు గ్రంథపు చుట్టలను మందిరం వెలుపలికి తెచ్చి ప్రదక్షిణంగా ఊరేగించేవారు. మాడవీధుల్లో వాహనసేవ చూసి పెరిగిన నాకు ఆ వర్ణన చదివినప్పుడు పరాయిదనిపించలేదు.

యూదులకు సామూహిక ప్రార్థన జరగాలంటే పదిమంది కావాలి. సంప్రదాయం ప్రకారం పదిమంది పెద్ద మగవారు. 1568లో కట్టిన కొచ్చిన్ పరదేశి మందిరంలో, స్థానికులు ఇజ్రాయెల్‌కు తరలిపోగా, ఆ పదిమంది లేకుండాపోయారు. పాతచోట అలా లెక్క తప్పుతున్న కాలంలోనే కొత్తరెడ్డిపాలెంలో, ఒకరికొకరు బంధువులైన కొన్ని కుటుంబాలు కలిసి, తెలుగులోనూ నేర్చుకొన్నంత హీబ్రూలోనూ ప్రార్థన మొదలుపెట్టాయి. సుక్కోత్ నియమం ప్రకారం ఇల్లు విడిచి ఆకుల కప్పున్న పందిరిలో గడపాలి. సందుల్లోంచి చుక్కలు కనబడాలి. ఎడారిలో తిరిగిన పూర్వీకుల నిలకడలేని బతుకు మరవకుండా ఉండేందుకు. ఒక తరం కిందటివరకు పూరిగుడిసెల్లోనే బతికిన కూలీలకు ఆ జ్ఞాపకం కోసం వేరే పందిరి అవసరమా అని నాకొకసారి తోచింది. తరువాత అర్థమయింది: గుడిసెలో గతిలేక ఉండటం వేరు, పదిమందీ కలిసి పండుగగా పందిరి వేసుకోవడం వేరు.

వంశం సంగతి ఎటు తేలినా, ముప్పై ఏళ్ళకు పైబడి ఏటా పాడ్యమినీ దశమినీ పౌర్ణమినీ కూలి వదులుకొని నిలుపుకొన్నవారి చరిత్ర ఆ నిలుపుకోవడంలోనే ఉంది. ఇంతవరకు నాకు సందేహం లేదు. ఈ వ్యాసం ఇక్కడ ముగించవచ్చు కూడా. కాని యోమ్ కిప్పూర్ గురించి చదివిన ఒక విషయం నన్ను ముగించనీయలేదు.

ఆ రోజు చేసే ఉపవాసం దేవుని పట్ల చేసిన తప్పులకే ప్రాయశ్చిత్తం. మనిషి పట్ల చేసిన తప్పుకు అది చెల్లదు. ముందుగా ఆ మనిషి వద్దకే వెళ్ళి క్షమించమని అడగాలి. యూదు ధర్మగ్రంథం మిష్నా చెప్పిన నియమం ఇది.

మాది పలమనేరు వైపు పల్లె. మాకు కపిల బావి ఉండేది. కపిలబానకు కట్టే తోలుతొండాన్ని ఏటా కుట్టి ఇచ్చే పెద్దాయన మాదిగవాడ నుంచి వచ్చేవాడు. కళ్ళంలో ఆయనకు మేర కొలిచేవారు. దాహమడిగితే మా అవ్వ ఎత్తునుంచి దోసిట్లో పోసేది. మహానవమి నాడు ఆయుధపూజలో కాడి, మేడి, కపిలబాన, ఆ తోలుతొండం అన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చేవారు. ఆయన చేతులు కుట్టిన తోలు మా ఇంటి పూజలో ఉండేది. ఆయన మాత్రం వాకిటి అవతల, మరమగ్గెల పక్కన కాదు, దిబ్బ పక్కన నిలబడి ఉండేవాడు. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. మా తాతకన్నా పెద్దవాడైన ఆ మనిషిని నేను ‘ఏరా’ అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను ‘సామీ’ అనేవాడు. అది తప్పని ఇంట్లో ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన సంగతిగా ఎవరికీ తోచలేదు. ఇప్పుడు ‘ఆయన’ అని రాస్తున్నాను. రాయడం తేలిక.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మరి క్షమించవలసినవాడు చనిపోయి ఉంటే? దానికీ వారి శాస్త్రం దారి చెప్పింది: పదిమందిని వెంటబెట్టుకొని అతని సమాధి వద్దకు వెళ్ళి, వారి ఎదుట, నేను ఇతని పట్ల ఈ తప్పు చేశానని పేర్కొని ఒప్పుకోవాలి.

2025 విజయదశమి నాడు ఊరికి వెళ్ళాను. బావి పూడిపోయింది. చెరువుకట్ట కింద మాదిగవాడ వారి పాత శ్మశానంలో మట్టిదిబ్బలు చదునైపోయి, కంప పెరిగి, ఏది ఎవరిదో చెప్పగల మనిషి దొరకలేదు. కాసేపు నిలబడి తిరిగి వచ్చాను. సమాధి దొరకలేదు గాని, ఇవి చదివేవాళ్ళు పదిమందైనా ఉంటారని నా నమ్మకం. అందుకే మీ ఎదుట చెబుతున్నాను.