బిర్లా హౌస్ సాయంత్రాలు

ఢిల్లీలో ఉచిత ఉపన్యాసాలకి కొదవలేదు. ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్లోనో, తీన్ మూర్తిలోనో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. కానీ ఆ ఊరి ఉచిత సభల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేవి 1947-48లో బిర్లా హౌస్ తోటలో జరిగిన గాంధీ ప్రార్థన సభలు. హేతువాదికి ప్రార్థన సభతో పనేమిటని మీరడగొచ్చు. ప్రార్థనతో నాకు పనిలేదు. నాక్కావలసింది దాని తర్వాత ఆయన చేసే ప్రసంగం, వినవచ్చినవాళ్ళకి అక్కడున్న హక్కు.

1947 ఏప్రిల్లో ఆయన వాల్మీకి మందిరం దగ్గర ఉంటున్నప్పుడు, ఖురాన్ వాక్యాలు చదవొద్దని సభలో ఒకతను లేచి అడ్డుచెప్పాడు. పక్కవాళ్ళు అతణ్ణి బయటికి నెట్టబోతే గాంధీ ఒప్పుకోలేదు. ఆ పూటకి ప్రార్థనే మానేశాడు. ఖురాన్ వాక్యాలు మాత్రం వదల్లేదు. చదివితే అన్నీ, లేకపోతే ఏదీ వద్దు!

సెప్టెంబరులో ఆయన ఢిల్లీకి తిరిగొచ్చేసరికి ఆ కాలనీ కాందిశీకులతో నిండిపోయింది. అందుకని బిర్లా హౌస్‌లో దిగాడు. టిక్కెట్టు లేదు, సోదా లేదు. పంజాబ్‌లో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్ళు కోపంతో వచ్చి కూర్చునేవారు. ముస్లింల ఇళ్ళూ మసీదులూ ఆక్రమించొద్దని, వాళ్ళకి నచ్చని మాటే ఆయన చెప్పేవాడు. ఆ ప్రసంగాల్ని ఆలిండియా రేడియో రికార్డు చేసి ప్రసారం చేసేది.

1948 జనవరి 20న తోట గోడ దగ్గర మదన్‌లాల్ పహ్వా బాంబు పేల్చాడు. గాంధీ జనాన్ని శాంతపరిచి సభ సాగించాడు. వచ్చేవాళ్ళని సోదా చెయ్యనివ్వమంటే కుదరదన్నాడు. తన రక్షణ దేవుడు చూసుకుంటాడట. ఇక్కడే నాకు పేచీ. 1934 బీహార్ భూకంపం అస్పృశ్యతా పాపానికి శిక్ష అన్నదీ ఈయనే. టాగోర్ అప్పుడే గట్టిగా ఖండించాడు. బాంబు పేలిన పది రోజులకి గాడ్సే అదే తోటలోకి పిస్తోలుతో మామూలుగా నడిచొచ్చాడు. దేవుడు చూసుకోలేదు.

అయితే అడ్డుచెప్పేవాడికి సభలో చోటివ్వడానికి దేవుడక్కర్లేదు. గాంధీలోని ఆ గుణం మన గోరాకి బాగా తెలుసు. కూతురి పెళ్ళిలో దేవుడి ప్రసక్తి ఉండకూడదని ఈ నాస్తికుడు కోరితే, దేవుడికి బదులు సత్యం అందామని గాంధీ ఒప్పుకున్నాడు. వరుడు దళితుడు. ఆ పెళ్ళి 1948 మార్చిలో సేవాగ్రాంలో జరిగింది. అప్పటికి బిర్లా హౌస్ సభలు ఆగిపోయి నెల దాటింది.