తాళం చెవి ఎవరి దగ్గర?



పిల్లను హాస్టల్లో చేర్పించి వచ్చిన తల్లిని పక్కింటావిడ ఏమడుగుతుంది? తిండి ఎట్లా వుంది, నీళ్ళు సరిగా వస్తాయా, గదికి ఎంతమంది? ఈ మూడూ అయ్యాక గొంతు కాస్త తగ్గించి నాలుగోది అడుగుతుంది. "రాత్రి గేటుకు తాళం వేస్తారా?" అని. "వేస్తారమ్మా, ఎనిమిదింటికల్లా వేసేస్తారు" అంటే ఇద్దరి ప్రాణమూ కుదుటపడుతుంది. అక్కడితో మన విచారణ అయిపోయినట్టే. ఆ తాళం చెవి రాత్రంతా ఎవరి దగ్గర వుంటుంది, ఆ మనిషి ఎక్కడ పడుకుంటుంది అన్న మాట మనకు తట్టదు. ఆ తాళానికి పెద్ద చరిత్రే వుంది. ఇవాళ అది చెప్పుకుందాం.

ముందు మన ప్రాంతం సంగతి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి పైచదువుకు వెళ్ళాలంటే పాతరోజుల్లో మగపిల్లవాడైనా ట్రంకుపెట్టె సర్దుకుని వూరు విడవాల్సిందే. 1916లో అనంతపురంలో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ పెట్టాక మద్రాసు దాకా పోయే శ్రమ కొంత తప్పింది. ఆడపిల్లల మాట ఇక సరేసరి. అట్లాంటిది 2006లో పులివెందులలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం వారి ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. 2008లో వేంపల్లె దగ్గర ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. పదో తరగతి కాగానే, అంటే పదిహేను పదహారేళ్ళకే, పిల్లలు అక్కడికి వచ్చి ఆరేళ్ళు వుండి చదువుకుంటారు. ఒకప్పుడు మనం పిల్లల్ని బయటికి పంపేవాళ్ళం. ఇప్పుడు ఎక్కడెక్కడి జిల్లాల తల్లులో తమ పిల్లల్ని మన మధ్యకు పంపుతున్నారు. కనుక ఈ సంగతి మన పిల్లల గురించే కాదు, మనల్ని నమ్మి వచ్చినవాళ్ళ గురించి కూడా.

ఆడపిల్లల హాస్టలు అనగానే మన దేశంలో ఎవరికైనా మనసులో మెదిలేవి మూడు: ఎత్తయిన గోడ, వాచ్‌మన్, తాళం. తప్పని నేననను. కన్నవాళ్ళ భయానికి కారణాలున్నాయి. అయితే ప్రొద్దుటూరు బంగారానికి పేరుమోసిన వూరు కదండీ, అక్కడి ఆడవాళ్ళకు తాళాల గురించి నేను చెప్పాల్సింది లేదు. ఒక్కటే మనవి. ఇనప్పెట్టెలో పెట్టిన బంగారం ఇల్లు అంటుకున్నా బయటికి పరుగెత్తాల్సిన పని లేదు. పిల్లకు వుంటుంది.

ఇంగ్లండులో సండర్లాండ్ అని ఒకప్పుడు ఓడలు కట్టిన పట్నం వుంది. 1883 జూన్ 16న అక్కడి విక్టోరియా హాలులో పిల్లల కోసం ఒక వినోద ప్రదర్శన జరిగింది. ఆట చివర కింద కూర్చున్నవాళ్ళకు బహుమతులు పంచుతున్నారని చూసి, పైన కూర్చున్న పిల్లలంతా ఒక్కసారిగా మెట్ల మీదికి ఉరికారు. మెట్ల అడుగున వున్న తలుపు లోపలివైపుకు తెరుచుకునే రకం. పైగా ఒక్కొక్కరే దూరేంత సందు వుంచి, గడియ నేలలోకి దించి బిగించారు. ముందు వచ్చినవాళ్ళు అక్కడ ఇరుక్కుపోయారు. వెనకవాళ్ళకు ఆ సంగతి తెలియదు, తోసుకుంటూనే వచ్చారు. 183 మంది పిల్లలు పోయారు. మంట లేదు, పొగ లేదు, భూకంపం లేదు. ఒక్క గడియ!

ఆ ఘోరం తరవాత రాబర్ట్ అలెగ్జాండర్ బ్రిగ్స్ అనే ఆయన ఒక కొత్తరకం గడియ తయారుచేసి 1892లో పేటెంటు తీసుకున్నాడు. అది ఎట్లా పనిచేస్తుందంటే, తలుపుకు లోపలివైపు నడుం ఎత్తున అడ్డంగా ఒక కడ్డీ వుంటుంది. ఆ కడ్డీని చేత్తోనో, ఒంటితోనో నెట్టితే చాలు, తలుపు బయటికి తెరుచుకుంటుంది. బయటినుంచి మాత్రం తాళం చెవి లేకుండా రాదు. సినిమాహాళ్ళలో, పెద్ద ఆసుపత్రుల్లో మీరు చూసే వుంటారు. మన తల్లుల సందేహానికి ఇంతకంటే మంచి జవాబు ఏముంది చెప్పండి? పరాయివాడు లోపలికి రాలేడు, పిల్లలు బయటికి రాగలరు. నూటముప్పై ఏళ్ళనాటి ఈ గడియ వుండగా, మెట్ల దగ్గరి ఇనుపగేటుకు గొలుసు చుట్టి తాళం బిగించడమెందుకో నాకు బోధపడదు.

మన దేశపు పాఠాలు ఇంతకంటే చేదువి. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి వంటశాలలో రేగిన మంట పైనున్న ఆకుల కప్పుకు అంటుకుంది. దిగడానికి ఇరుకుమెట్లు. 94 మంది చిన్నారులు కాలిపోయారు. ఆ తరవాత దాఖలైన వ్యాజ్యంలో 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, చదువుకునే హక్కులోనే క్షేమంగా చదువుకునే హక్కు కూడా ఇమిడి వుందని అన్నది. అన్నది నిజమే గాని, పదేళ్ళు తిరిగాక, 2019 మే 24న, సూరత్‌లో ఒక భవనం పైకప్పు మీద వేసిన షెడ్డులో కోచింగు తరగతి జరుగుతుండగా నిప్పంటుకుంది. చెక్కమెట్లు ముందే కాలిపోయాయి. పిల్లలు పైనుంచి దూకడం దేశమంతా టీవీల్లో చూసింది. 22 మంది పోయారు.

నేషనల్ బిల్డింగ్ కోడ్ మన దేశంలో 1970 నుంచీ వుంది. జనం లోపల వున్నంతసేపూ బయటికి పోయే తలుపు తాళం చెవితో పని లేకుండా లోపలినుంచి తెరుచుకోవాలని అందులో వుంది. పుస్తకంలో వున్నది గేటు దాకా రావడానికి మాత్రం ఎవరో ఒకరు అడగాలి.

నిప్పు విషయం మీకు నేర్పేంతదాన్ని కాను. గ్యాసు వాసన వస్తే స్విచ్చి వేయకూడదని, నూనె మూకుడు అంటుకుంటే నీళ్ళు పోయకుండా మూత పెట్టాలని మీకు తెలుసు. హాస్టల్లో పిల్లకు తెలుసా? ఒకే ప్లగ్గుకు నీళ్ళు కాచే హీటరు, కెటిలు, ఇస్త్రీపెట్టె, నాలుగు ఫోన్లు తగిలిస్తే తీగ వేడెక్కుతుంది. మన జిల్లా ఎండల్లో ఫ్యాన్లు, కూలర్లు రాత్రింబవళ్ళు తిరుగుతూ ఆ భారం ఇంకా పెంచుతాయి. ఇంకొక్క మాట. మంటకంటే ముందు ప్రాణం తీసేది పొగ. పొగ పైకి లేస్తుంది గనక, వంగి, ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుని నడవాలి. ఈ ముక్క సెలవులకు వచ్చినప్పుడు భోజనాల దగ్గర చెప్పినా చాలు.

ఇక నీటి సంగతి. తలుపు తెరుచుకోకపోతే వచ్చే ప్రమాదం ఒకటైతే, చెప్పకుండా తెరిస్తే వచ్చేది ఇంకొకటి. ముద్దనూరు, కొండాపురం మధ్య మంగపట్నం అని చిన్న రైల్వేస్టేషను వుంది. 1902 సెప్టెంబరులో కుండపోత వానకు అక్కడ వంతెన కొట్టుకుపోయింది. ఆ కబురు అందక, చీకట్లో వచ్చిన మెయిలు బండి నీళ్ళలో పడింది. 71 మంది చనిపోయారు. కరువు జిల్లా అని పేరుపడ్డచోట నీళ్ళకు ఇంతమంది! మన ఏళ్ళ తీరే అంత. పెన్న పది నెలలు ఇసకే. ఆ ఇసక చూసి చూసి మనం నదిని మరిచిపోతాం.

మరిచిపోతే ఏమవుతుందో 2014 జూన్ 8న తెలిసింది. హైదరాబాదులోని విజ్ఞానజ్యోతి ఇంజనీరింగు కాలేజీ పిల్లలు విహారయాత్రకు హిమాచల్ ప్రదేశ్ వెళ్ళారు. దారిలో బియాస్ నది దగ్గర ఆగి, రాళ్ళమీదికి దిగి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జి ప్రాజెక్టు గేట్లు ఎత్తారు. చూస్తుండగానే నీళ్ళు చుట్టుముట్టాయి. 24 మంది విద్యార్థులు, వారితోపాటు యాత్ర నిర్వాహకుల మనిషి ఒకరు కొట్టుకుపోయారు. ఆ తల్లిదండ్రులకు ఒక్కొక్క బిడ్డకు 20 లక్షల రూపాయల చొప్పున ఇవ్వాలని 2016లో హిమాచల్ హైకోర్టు తీర్పు చెప్పింది. అందులో విద్యుత్తు బోర్డు వాటా 60 శాతం, అక్కడి ప్రభుత్వం వాటా 10 శాతం. మిగిలిన 30 శాతం ఎవరిదంటే, కాలేజీది! పిల్లల్ని తీసుకుపోయినవాళ్ళకు బాధ్యత కాలేజీ గోడతో ఆగదని దాని అర్థం.

మన పిల్లలు విహారానికి ఎక్కడికి పోతారు? గండికోటకు. అక్కడ పెన్నమీద గండికోట రిజర్వాయరు, దాని దిగువన మైలవరం, ఆ దిగువన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు. మైలవరం గేట్లు ఎత్తితే కింది ఇసకలో ఆడుకునేవాళ్ళకు కబురు అందాలి. 2021 నవంబరు మనం మరిచిపోయే నెల కాదు. 19వ తేదీ తెల్లవారుజామున చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఒకటి రెండు రోజుల్లోనే కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెన కూలింది. అట్లాంటి రోజున ఇడుపులపాయ నుంచి పిల్ల ఇంటికి బయలుదేరాలా, హాస్టల్లోనే వుండాలా? ఆ మాట కాలేజీ చెప్పాలి, తల్లి ఫోను చేసి "వచ్చెయ్యమ్మా" అని కంగారుపెట్టకూడదు. వానరోజున పిల్ల వున్నచోటే వుండడం ఎక్కువసార్లు మంచిదని నా అభిప్రాయం.

ప్రమాదమంటే నిప్పూ నీరే కాదు. తోటి మనిషివల్ల వచ్చేదీ వుంది. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగు నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. వెక్కిరించి అవమానించినందుకు ఆరు నెలల జైలు దగ్గర మొదలై, ప్రాణం పోతే యావజ్జీవం దాకా శిక్షలున్నాయి. ఫిర్యాదు అందినా పట్టించుకోని కాలేజీ పెద్ద కూడా ఆ నేరానికి తోడ్పడినట్టే అని ఆ చట్టం అంటుంది. ఈ ఒక్క ముక్క మనం గుర్తుపెట్టుకుని అడిగితే, "పిల్లలన్నాక మామూలేనమ్మా" అనే మాట వినబడదు. 1800-180-5522 అనే నంబరుకు ఏ వేళలోనైనా చెప్పుకోవచ్చు. పోలీసుకు, అగ్నిమాపకానికి 112. 2005 ఆగస్టులో మన రాష్ట్రంలోనే పుట్టిన 108 మీకు తెలిసిందే. అయితే 108 వచ్చేసరికి గేటు తీసి నిలబడే మనిషి వుండాలి, ఏ బ్లాకో, ఏ గదో చెప్పగలగాలి.

పిల్లను చూడడానికి వెళ్ళినప్పుడు వార్డెనమ్మను మర్యాదగానే అడగండి. గంట కొడితే పిల్లలంతా ఏ చెట్టుకింద చేరాలి? చేరాక హాజరుపట్టీ తీసి పేర్లు పిలిచేది ఎవరు? పోయినసారి అట్లా ఎప్పుడు చేసి చూశారు? ఆమె విసుక్కోదు. ఆమెకూ కావలసింది అదే, పై అధికారిని అడగడానికి తల్లుల మాట ఆసరా అవుతుంది. తరవాత మెట్లు దిగి, రాత్రి మూసే ఆ గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగి, లోపలివైపు నిలబడి మీ చేత్తో మీరే ఒకసారి నెట్టి చూడండి.