పాండవులు కనబడని భారతం

విజయా వారి "మాయాబజార్" చూడని తెలుగువాడు మస్కట్‌లో ఉండడు. ఆ సినిమాలో పాండవులు ఒక్కరూ కనబడరన్న సంగతి మీలో ఎంతమంది గమనించారు? 1957లో వచ్చిన మూడు గంటల పైచిలుకు చిత్రం. కథంతా వాళ్ళింటి పెళ్ళి గొడవే. అయినా ధర్మరాజు లేడు, భీముడు లేడు, అర్జునుడు లేడు. లోటుగా మాత్రం ఎవరికీ అనిపించలేదు. పింగళి నాగేంద్రరావుగారు, కె.వి.రెడ్డిగారు వాళ్ళని పరిచయం చేయనక్కర లేకపోయింది. ప్రేక్షకుడే వాళ్ళని ఇంటినుంచి వెంటబెట్టుకుని వచ్చాడు.

అసలు శశిరేఖ వ్యాసభారతంలో లేదు. జనం నోట పుట్టి, నాటకాలలో పెరిగిన పిల్ల. చిలకమర్తివారి "గయోపాఖ్యానం"లోని కృష్ణార్జున యుద్ధమూ అంతే, భారతంలో వెతికితే దొరకదు. పెద్ద కథనుంచి ఒక కొమ్మ తీసి వేరే కథ అల్లడాన్ని ఇప్పుడు టీవీ వాళ్ళు స్పిన్‌ఆఫ్ అంటున్నారు. మనకిది పాత అలవాటే.

ఇంకా వెనక్కి వెళితే, నన్నయగారు అరణ్యపర్వం మధ్యలో ఆపేశారు. 13వ శతాబ్దంలో తిక్కనగారు ఆ మిగిలినది ముట్టకుండా విరాటపర్వంతో మొదలుపెట్టారు. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన వచ్చి ఖాళీ పూరించేదాకా తెలుగు భారతానికి నడుమ వంతెన లేదు. కథ ముందే తెలిసిన శ్రోతలు కనుక దాటిపోగలిగారు.

ఈ ముందు తెలివిడి లేకపోతే ఏం పోతుంది? పడవలో పాట హాయిగానే ఉంటుంది, లడ్డూలు ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడుతూనే ఉంటాయి. నా ఒమానీ సహోద్యోగి ఒకాయన ఆ విందు చూసి పడీపడీ నవ్వాడు. సింద్‌బాద్ మా సొహార్ వాడేనని చెప్పుకునే జాతి, మాయలు వాళ్ళకి కొత్త కాదు. కానీ ఆయనకి తెలియనిది ఒకటుంది. పెళ్ళిపీటల దగ్గర హాస్యమాడిన ఆ ముగ్గురు కుర్రాళ్ళూ యుద్ధంలో పోతారు. పదమూడో రోజున పద్మవ్యూహంలో అభిమన్యుడు లక్ష్మణకుమారుణ్ణి చంపుతాడు, ఆ రోజే తానూ కూలిపోతాడు. మర్నాటి రాత్రి కర్ణుడి శక్తికి ఘటోత్కచుడు బలి. కర్ణుడి చేతిలో ఆ ఆయుధం ఇక లేదని కృష్ణుడు అప్పుడు సంతోషిస్తాడు కూడా! ఇది తెలిసినవాడికి సినిమాలో రామారావుగారి చిరునవ్వు మరోలా కనబడుతుంది. ఆ సినిమాలో మా అమ్మ ఎందుకు కళ్ళు తుడుచుకునేదో నాకు ఇక్కడే బోధపడింది.

మన పిల్లలకి తెలివితేటలు తక్కువా? "స్టార్ వార్స్"లో ఎవడు ఎవడి కొడుకో, ఏ యుద్ధం ముందో అడగండి, గుక్కతిప్పుకోకుండా చెబుతారు. "బాహుబలి"లో శివగామి ఎవరో కూడా తెలుసు. సినిమాలు చూశారు, స్నేహితులతో చర్చించారు. భారతం వాళ్ళకి ఆ విధంగా అందలేదు. ఊళ్ళో మనకి హరికథా, తోలుబొమ్మలాటా, అరుగుమీద తాతయ్యా ఉండేవారు. రువీలో అపార్ట్‌మెంటుకి అరుగెక్కడిది?

అందుకని ఈమధ్య శుక్రవారాలు మా ఇంట్లో సినిమాకి ముందు అరగంట కథ. పద్మవ్యూహం దాకా చెప్పి ఆ తరువాత "మాయాబజార్" పెట్టాను. మా చిన్నది పడవ పాట మధ్యలో ఆపించి, "అయితే నాన్నా, శశిరేఖ ఏమైంది?" అని అడిగింది. అభిమన్యుడి కొడుకు పరీక్షిత్తు ఉత్తర కడుపున పుట్టాడని భారతం చెబుతుంది. శశిరేఖ ఊసు అందులో లేదు. ఉన్నమాట అదే చెప్పాను. "అయితే మనమే కట్టాలి" అంది.