శీలం, సేవ: ఆడపిల్లల బడిలో రెండు మాటలు

హైస్కూల్లో మాకు వారానికి రెండు పీరియడ్లు ఎస్.యు.పి.డబ్ల్యు. ఉండేది. సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక శ్రమ అని దానర్థమట. ఆ సంగతి పరిశోధనలో పడ్డాక తెలిసింది గానీ అప్పట్లో మాకు తెలిసిందల్లా ఒకటే. ఆ గంటలో మగపిల్లలు గ్రౌండుకి పోతారు, మేం చీపుళ్లు తీస్తాం. గదులు ఊడ్చాక స్టాఫ్ రూములో కుండలు నింపాలి. ఆగస్టు పదిహేను దగ్గరపడితే ముగ్గులు వెయ్యాలి. ఇంకా టైముంటే రుమాళ్ల మీద పూలు కుట్టాలి. "ఆడపిల్లలైతే శుభ్రంగా చేస్తారు" అని సార్లు మెచ్చుకునేవారు. ఆ మెప్పుకి పొంగిపోయేదాన్ని. ముగ్గులకి లీడర్ని నేనే మరి. బాత్రూములు కడిగే పని మాత్రం ఎప్పుడూ హాస్టల్ నుంచి వచ్చే ఇద్దరు ముగ్గురు అమ్మాయిలకే ఎందుకు పడేదో నేను అడగలేదు. అది ఎస్సీ హాస్టల్. అడక్కుండా ఉండగలిగే వెసులుబాటు నాకెక్కణ్ణించి వచ్చిందో అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇదంతా ఇప్పుడు గుర్తు రావడానికి కారణం ఉంది. బడి వాతావరణం బాగుపడాలంటే పిల్లలకి విలువలు నేర్పాలి, సేవ చేయించాలి అనే మాట మళ్లీ బలంగా వినిపిస్తోంది. 2020 జాతీయ విద్యా విధానం పిల్లల్లో పెంపొందించాల్సిన విలువల జాబితాలో 'సేవ' అన్న మాటనే పెట్టింది. త్యాగం, పెద్దల పట్ల గౌరవం కూడా అందులో ఉన్నాయి. జెండర్ స్పృహ కూడా ఉంది. ఇవన్నీ ఒకే వరసలో ఎలా ఇముడుతాయన్నదే నా అనుమానం. సేవ చెడ్డదని కాదు. కానీ ఆ మాట ఆడపిల్ల చెవిన పడేటప్పటికే దానికో అర్థం స్థిరపడి ఉంటుంది. అత్తమామల సేవ, పతిసేవ. ఇక 'శీలం' సంగతి చెప్పక్కర్లేదు. మగవాడి విషయంలో శీలమంటే నిజాయితీ, మాట మీద నిలబడడం. ఆడదాని శీలమంటే దేహం. 'శీల నిర్మాణం' అని బోర్డు మీద రాస్తే తరగతిలో సగం మందికి ఒక పాఠం, మిగతా సగం మందికి మరో పాఠం. 'శీలం' పోయి 'వ్యక్తిత్వం' వచ్చిందనుకున్నాం గానీ, వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో ఇప్పటికీ అమ్మాయిలకి చెప్పే మొదటి మాట దుస్తుల గురించే.

తెలుగునాట ఆడపిల్లల బడి పుట్టిందే ఈ రెండు మాటల పూచీ మీద. వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల పెట్టారు, 1883లో 'సతీహిత బోధిని' పత్రిక మొదలుపెట్టారు. పత్రిక పేరే చెబుతోంది, హితం సతులకి. చదివితే ఆడవాళ్లు చెడిపోతారన్న వాళ్లకి ఆయన ఇచ్చిన జవాబు, చదివితే మరింత మంచి ఇల్లాళ్లవుతారని. ఆ జవాబుతోనే బడి తలుపు తెరుచుకుంది, కాదనను. అయితే తలుపు తెరవడానికి చెల్లించిన వెల అది. తర్వాతి తరాలు ఆ అప్పు తీరుస్తూనే ఉన్నాయి.

ఆ వెల గురించి లోపలి నుంచి ప్రశ్న వేసిన మనిషి భండారు అచ్చమాంబ. బడి మొహం చూడని మనిషి, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూచుని చదువు నేర్చుకుంది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగం 1901లో వచ్చింది. శీర్షిక చూస్తే అచ్చమైన నీతిబోధ పుస్తకమే అనిపిస్తుంది. తెరిస్తే వేరు. స్త్రీలు బలం లేనివాళ్లు, తెలివి లేనివాళ్లు అనే మాట అబద్ధమని చూపడమే దాని పని. రాజ్యాలేలినవాళ్లు, యుద్ధం చేసినవాళ్లు, శాస్త్రాలు చదివినవాళ్లు వరసకట్టి వస్తారు. పతివ్రతలూ ఉన్నారు, ఉండక తప్పదు ఆ కాలానికి. ఆమె చేసిన పని 'సచ్చరిత్ర' అన్న మాటని నడవడి వైపు నుంచి చరిత్ర వైపు జరపడం. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీల సమాజం పెట్టింది. 1905లో ముప్పయ్యేళ్లకే పోయింది.

సేవని గడప దాటించిన మనిషి దుర్గాబాయి. ఆమె గురించి బడిపిల్లలకి చెప్పే కథ ఒకటుంది. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ల పిల్ల, టిక్కెట్టు లేదని నెహ్రూని ఆపేసింది. ఈ కథని క్రమశిక్షణ పాఠంగా చెబుతారు. నేనూ అలాగే విన్నాను. అంతకు రెండేళ్ల ముందు జరిగింది మాత్రం నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. 1921లో గాంధీ కాకినాడ వస్తున్నారని తెలిసి, ఊళ్లోని దేవదాసీలతోనూ, బురఖా వేసుకునే ముస్లిం స్త్రీలతోనూ ఆయన మాట్లాడాలని ఆ పన్నెండేళ్ల పిల్ల పట్టుబట్టింది. ఆయన కొద్ది నిమిషాలు రావాలన్నా 5000 రూపాయలు పోగుచెయ్యమన్నారు పెద్దలు. దేవదాసీల సాయంతోనే ఆ డబ్బు కూడబెట్టి, బడి ఆవరణ అడిగి తీసుకుని సభ జరిపింది. గాంధీ మాటల్ని తెలుగులోకి తర్జుమా చేసింది కూడా తనే. ఊరు 'శీలం' అనే మాటతో వెలివేసిన ఆడవాళ్లని ఒక పిల్ల 'సేవ' అనే మాట పట్టుకుని బడి ఆవరణలోకి తీసుకొచ్చింది. ఎనిమిదేళ్లకే పెళ్లయి, ఆ పెళ్లిలోంచి బయటపడ్డ పిల్ల. టిక్కెట్టు కథ చెప్పి ఈ కథ దాచిపెట్టడంలోనే మన నీతిపాఠాల గుట్టంతా ఉందనిపిస్తుంది నాకు.

సంస్కరణ కథగా చూస్తే ఆ సభకీ హద్దులున్నాయి. దేవదాసీలకి కావలసిందేమిటో వాళ్ల నోట మనం వినలేదు. ఆ సంగతి ఇంకో వ్యాసానికి.

స్వాతంత్ర్యం వచ్చాక ఇవన్నీ నివేదికల్లోకి చేరాయి. 1952-53 మొదలియార్ సెకండరీ విద్యా కమిషన్ శీల నిర్మాణానికి ఏకంగా ఒక అధ్యాయం కేటాయించింది. స్కౌట్లు, ఎన్.సి.సి., జూనియర్ రెడ్ క్రాస్ అందులో ఉన్నాయి. ఆడపిల్లలకి గృహవిజ్ఞానం సదుపాయాలుండాలనీ అదే నివేదిక చెప్పింది. ఆ కమిషన్‌లో హంసా మెహతా సభ్యురాలు. పదేళ్లు తిరక్కుండానే ఆమె అధ్యక్షతన, ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరే పాఠ్యక్రమం ఉండాలా అని తేల్చడానికి 1961లో మరో కమిటీ కూచుంది. అక్కర్లేదని తేల్చింది. తేడాలనుకునేవి చాలావరకు సమాజం తయారుచేసినవేననీ, గృహవిజ్ఞానం నేర్పితే ఇద్దరికీ నేర్పాలనీ అంది. కొఠారి కమిషన్ (1964-66) దాన్ని సమర్థిస్తూనే పని అనుభవం, సమాజసేవ చదువులో భాగం కావాలంది. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ కమిటీ దానికి ఎస్.యు.పి.డబ్ల్యు. అని పేరు పెట్టింది. కాగితం మీద ఎక్కడా 'చీపురు అమ్మాయిలకి' అని లేదు. హంసా మెహతా కమిటీ తర్వాత నలభయ్యేళ్లకి నా చేతిలోకి చీపురూ ఎంబ్రాయిడరీ చట్రమూ ఎలా వచ్చాయంటే, కాగితానికీ తరగతి గదికీ మధ్యలో ఇల్లుంది కనక. విధానం చెప్పని చోటల్లా ఇల్లు చెబుతుంది, కులం చెబుతుంది.

దుర్గాబాయి దీనికి వేరే దారి చూసింది. మన విద్యా చరిత్రల్లో దాన్ని పెద్దగా పట్టించుకోరు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి ఆమె మొదటి అధ్యక్షురాలు. పల్లెల్లో పనిచెయ్యడానికి గ్రామసేవికలు, బాలసేవికలు, నర్సులు కావాలి. చదువుకున్న ఆడవాళ్లు దొరకరు. చదువు మధ్యలో ఆగిపోయిన వితంతువులు, భర్తలు వదిలేసినవాళ్లు మాత్రం ఊరూరా ఉన్నారు. వాళ్లని రెండేళ్లలో మెట్రిక్ దాకా తెచ్చే సంక్షిప్త కోర్సులు 1958లో మొదలయ్యాయి. జైలు నుంచి వచ్చాక ప్రైవేటుగా మెట్రిక్ కట్టిన మనిషి కనక, మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టి ఆడవాళ్లని అదే పరీక్షకి తయారుచేసిన మనిషి కనక, ఆమెకి ఆ ఖాళీ ఎక్కడుందో తెలుసు. ఇక్కడ సేవకి జీతం ఉంది, సర్టిఫికెట్టు ఉంది, బస్సెక్కి ఇంకో ఊరు వెళ్లే హక్కు ఉంది. పేరు సేవికే. ఆ పేరు వెనక ఉద్యోగం చేసుకు బతికిన ఆడవాళ్లెందరో. ఆ 'సేవిక' అన్న పేరే తర్వాత తర్వాత తక్కువ జీతానికి సాకు కూడా అయింది. అంగన్‌వాడీ టీచర్లనీ ఆయాలనీ అడగండి, చెబుతారు. వాళ్లకిచ్చేది జీతం కాదట, గౌరవ వేతనమట!

సేవ ద్వారా చదువు అనే ఆలోచనలో నాకు నచ్చే అంశం ఒకటుంది. పని చేయించి వదిలెయ్యకూడదంటుంది. చేసిన పని గురించి తరగతిలో మళ్లీ మాట్లాడుకోవాలి, దాన్ని పాఠానికి ముడిపెట్టాలి. ఆ మాట్లాడుకోవడం జరిగితే మా బడిలో ఏ ప్రశ్నలొచ్చేవో! ఇంట్లో పొద్దున్నే నీళ్లు మోసి వచ్చిన పిల్ల బడిలో మళ్లీ నీళ్లు మోస్తే, అది సేవా? చదువా? బాత్రూము ఎవరు కడగాలి, ఆ పనికి డబ్బివ్వాల్సింది ఎవరు?

ఒక్కసారి జరిగింది కూడా. నేను తొమ్మిదిలో ఉండగా కొత్తగా వచ్చిన సోషల్ టీచరమ్మ, రోల్ నంబర్ల వరసన అందరూ ఊడవాలని చార్టు రాసి గోడకి అంటించారు. బాత్రూములు కూడా అదే వరస. మొదటివారం గది అంతా నవ్వులే, మగపిల్లలు చీపుర్ని క్రికెట్ బ్యాట్‌లా పట్టుకుని ఆడారు. రెండోవారం ఒకబ్బాయి వాళ్లమ్మ వచ్చింది. "మా వాడు ఇంట్లో కంచం కూడా తియ్యడండీ, వాడి చేత ఆ పనులా?" అని హెడ్మాస్టరు గదిలో ఏడ్చినంత పని చేసింది. 'ఆ పనులు' అన్నప్పుడు ఆమె గొంతులో ఉన్నది చీపురు ఒక్కటే కాదు. మర్నాటికి చార్టు లేదు. టీచరమ్మ ఏమీ అనలేదు గానీ, ఆ గంటలో మాకు భారత రాజ్యాంగం పదిహేడో అధికరణం చెప్పారు. హాస్టల్ అమ్మాయిల్లో ఒకమ్మాయి లేచి, "అయితే మేం రేపణ్ణించి కడగం టీచర్" అంది. కడగలేదు కూడా.

పదో తరగతి అయ్యాక టీసీతో పాటు ప్రవర్తన సర్టిఫికెట్టు ఇచ్చారు. నాది 'చాలా మంచిది'. ఆ అమ్మాయిది చూశాను, 'తృప్తికరం' అని ఉంది.