రెండు కొళాయిల కథ

ఇడ్లీపాత్రలో నీళ్లు తగ్గితే గిన్నె మాడుతుంది, ఎక్కువైతే కింది వాయి ఇడ్లీలు నీరుకారిపోతాయి. ఏ కొలతా లేకుండానే ఆ మట్టం మన కంటికి తెలుసు. ఒకప్పటి ట్రాక్టరుకీ ఇలాంటి చిక్కే ఉండేదంటే నమ్ముతారా?

రెండో ప్రపంచయుద్ధం నాడు ఇంగ్లండు పొలాల్లో ఎక్కడ చూసినా ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లే. 1917లో హెన్రీ ఫోర్డ్ అమెరికాలో మొదలుపెట్టిన బండి అది; 1933 నుంచి లండన్ దగ్గర డాగెన్‌హామ్‌లో తయారయ్యేది. ఇంజన్లో నూనె ఎంతుందో చూడడానికి దానికి కొలపుల్ల లేదు. ఇంజను అడుగుభాగంలో కిందా పైనా రెండు బుల్లి కొళాయిలు, అంతే. పై కొళాయి తిప్పితే నూనె కారిందా, నిండుగా ఉన్నట్టు. కింది కొళాయి తిప్పినా చుక్క రాలేదా, ఇక బండి కదపకూడదు. నూనెను తోసే పంపు కూడా లేదాయె! తిరిగే భాగాలే అడుగునున్న నూనెను చిమ్ముకుని ఒళ్లు తడుపుకోవాలి. మట్టం తగ్గిందంటే బేరింగులు కాలిపోతాయి, దుక్కి ఆగిపోతుంది, అదును దాటిపోతుంది.

ఆ రోజుల్లో అదును దాటడమంటే చిన్న మాట కాదు. బ్రిటన్ తినే తిండిలో చాలాభాగం ఓడల మీద రావాలి. ఆ ఓడల్ని జర్మన్ జలాంతర్గాములు ముంచుతున్నాయి. పొలం పనిచేసే కుర్రాళ్లు ఎందరో సైన్యంలో చేరారు. అందుకే 1939 జూన్‌లో లేడీ డెన్మన్ నాయకత్వాన ‘విమెన్స్ లాండ్ ఆర్మీ’ మళ్లీ ఏర్పడింది. 1944 నాటికి అందులోని ఆడవాళ్లు 80,000 దాటారు. పాలు పితికినవాళ్లు, ఎలకలు పట్టినవాళ్లు, ట్రాక్టరు తోలినవాళ్లు. అంతకుముందు ఏ బట్టల దుకాణంలోనో, ఆఫీసులోనో పనిచేసిన పట్నం పిల్లలు కూడా ఎందరో. ఆడపిల్లలకి ఇంజన్లేమిటని పెదవి విరిచిన రైతులూ లేకపోలేదు.

కొళాయి తిప్పడం ఎంతసేపు అంటారా? అక్కడే ఉంది మోసం. ఈ ట్రాక్టరు పెట్రోలుతో స్టార్టయి, వేడెక్కాక కిరసనాయిలు లాంటి ఇంధనంతో నడిచేది. తొందరపడి ముందే మార్చేస్తే, కాలని కిరసనాయిలు పిస్టన్ల పక్కనుంచి జారి కింది నూనెలో కలుస్తుంది. అప్పుడు మట్టం తగ్గదు సరికదా, పెరుగుతుంది! పాలల్లో నీళ్లు పోస్తే గిన్నె నిండినట్టే. పై కొళాయి ధారగా కారిందని మురిసిపోతే కొంప మునిగిందే. పలచబడ్డ నూనె బేరింగుల్ని కాపాడలేదు. అందుకే కన్ను ఒక్కటే చాలదు. చుక్కను వేళ్లమధ్య రాసి జిగురు చూడాలి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూడాలి. తేడా ఉంటే పాతదంతా వంపేసి కొత్త నూనె పోయాలి. పులుసు చిక్కదనం గరిటె జారుడును బట్టి చెప్పగల చేతులకు ఈ విద్య పట్టుబడదా ఏం?

యుద్ధం ముగిసింది. 1950లో ఆ దళాన్ని రద్దుచేశారు. వాళ్ల సేవకు గుర్తుగా ప్రభుత్వం ప్రత్యేకంగా బాడ్జీలు ఇచ్చింది మాత్రం 2008లో. అప్పటికి మిగిలినవాళ్లు ముత్తవ్వల ఈడువాళ్లు. ట్రాక్టరులో నూనె మట్టం రోజూ చూసిన ఆ చేతులకి, మెప్పు పై కొళాయిదాకా రావడానికి 58 ఏళ్లు పట్టిందన్నమాట!